ఆసిలోస్కోపు గృహ క్రమాంకనం

సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆసిలోస్కోపుకు గానీ, ఏళ్ళ తరబడి మూలన పడి ఉన్నదానికి గానీ విలువ ముందే తెలిసిన సంకేతాన్ని ఇచ్చి, తెర మీది కొలత ఆ విలువకు ఎంత దగ్గరగా ఉందో ఇంట్లోనే తేల్చుకోవడాన్ని గృహ క్రమాంకనం అంటారు. వాడుకలో దీని పేరు కాలిబ్రేషన్. విలువ తెలిసిన ఆ సంకేతం ప్రమాణ సంకేతం. తేడా హద్దు దాటినప్పుడు పరికరం లోపల ఉండే ట్రిమ్మర్లనే చిన్న సర్దుబాటు భాగాలతో సరిదిద్దుతారు.

ఈ పనిలో తేలవలసినవి మూడు: నిలువు గళ్ళు చెప్పే వోల్టులు నిజమేనా, అడ్డ గళ్ళు చెప్పే సెకన్లు నిజమేనా, వేగంగా మారే సంకేతం ఆకారం చెడకుండా కనిపిస్తోందా. వీటికి కావలసిన ప్రమాణాలు ఇంట్లో ఒకే తేలికతో దొరకవు. కాలానికి ఒక చిన్న క్వార్ట్జ్ స్ఫటికం చాలు. వోల్టుకు మంచి మల్టీమీటర్ కావాలి. హెచ్చు పౌనఃపున్యాల దగ్గర నమ్మదగిన సంకేతం సంపాదించడమే కష్టం. అందుకే ఇంట్లో చేసిన క్రమాంకనాన్ని ఎంతవరకు నమ్మవచ్చో చివరికి ఈ మూడో అంశమే నిర్ణయిస్తుంది.

నేపథ్యం

పాత ఆసిలోస్కోపులకు తెరగా పనిచేసే కాథోడ్ కిరణ నాళాన్ని 1897లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ రూపొందించాడు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు ఆసిలోస్కోపు ప్రధానంగా తరంగం ఆకారం చూసే సాధనంగానే ఉండేది. హొవార్డ్ వోలమ్, జాక్ మర్డాక్ తదితరులు 1946లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో టెక్ట్రానిక్స్ సంస్థను నెలకొల్పారు. మరుసటి ఏడాది వచ్చిన వారి 511 మోడల్‌లో ట్రిగ్గర్‌తో మొదలయ్యే, అంకెలతో గుర్తించిన టైమ్‌బేస్ ఉంది. గళ్ళు లెక్కపెట్టి వోల్టులూ సెకన్లూ చెప్పే అలవాటు ఇలాంటి పరికరాలతో స్థిరపడింది. కొలత చెప్పే ప్రతి సాధనానికీ ఆ కొలత నిజమో కాదో చూసే అవసరం కూడా వెంటే వస్తుంది.

1972లో వచ్చిన 100 మెగాహెర్ట్జ్ టెక్ట్రానిక్స్ 465 ఇప్పటికీ పాత పరికరాల ప్రియుల బల్లల మీద కనిపిస్తుంది. కళాశాలల ప్రయోగశాలల నుంచి బయటికి వచ్చే 20, 30 మెగాహెర్ట్జ్ రెండు ఛానెళ్ళ అనలాగ్ స్కోపులు, తొలితరం డిజిటల్ స్కోపులు కూడా పాత సామాను అంగళ్ళలో దొరుకుతాయి.

క్రమాంకనం వేరు, సర్దుబాటు వేరు

అంతర్జాతీయ కొలతల పరిభాషలో క్రమాంకనం అంటే ప్రమాణంతో పోల్చి, తేడానూ అనిశ్చితినీ నమోదు చేయడమే. ట్రిమ్మర్ తిప్పడం అందులో భాగం కాదు, అది సర్దుబాటు. ఈ తేడా మాటలకే పరిమితం కాదు. ముందుగా పోల్చి రాసుకోకుండా ట్రిమ్మర్ తిప్పినవారికి పరికరం మొదట ఏ స్థితిలో ఉందో ఇక తెలియదు. తర్వాత కనిపించే తేడా వయసు వల్ల వచ్చిందో, తమ స్క్రూడ్రైవర్ వల్ల వచ్చిందో తేల్చుకోలేరు.

పోలికకు వాడే ప్రమాణం పరీక్షకు వచ్చిన పరికరం కన్నా కనీసం నాలుగు రెట్లు ఖచ్చితంగా ఉండాలన్నది పరిశ్రమలో స్థిరపడిన నియమం. అనలాగ్ స్కోపుల నిలువు కొలతకు సాధారణంగా ±3 శాతం హద్దు ఇస్తారు, కాలానికి ±2 నుంచి 3 శాతం. డీసీ వోల్టేజిని ±0.5 శాతంలోపు చెప్పే సాధారణ డిజిటల్ మల్టీమీటర్ ఈ నియమాన్ని ఆరు రెట్లతో నెగ్గుతుంది. ±100 పీపీఎం, అంటే 0.01 శాతం, తేడా ఉన్న మామూలు స్ఫటికం 3 శాతం టైమ్‌బేస్ కన్నా 300 రెట్లు మెరుగు. కాబట్టి అనలాగ్ స్కోపు కోసం జీపీఎస్‌తో నడిచే 10 మెగాహెర్ట్జ్ ప్రమాణం కొనడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

పాత స్కోపులో తేడాలు ఎందుకు వస్తాయి

ఎలక్ట్రొలైటిక్ కెపాసిటర్లు ఎండిపోయి పవర్ సప్లైలో రిపుల్ (డీసీ మీద కనిపించే అలలు) పెరగడం, కార్బన్ కాంపోజిషన్ రెసిస్టర్ల విలువ తేమకూ వయసుకూ పెరగడం, స్విచ్చుల కాంటాక్టుల మీద మురికి పేరుకోవడం ముఖ్య కారణాలు. టాంటలం కెపాసిటర్లు షార్ట్ కావడం 1970ల నాటి టెక్ట్రానిక్స్ మోడళ్ళలో పేరుపడ్డ జబ్బు.

అసలు లోపమే లేకుండా తప్పు కొలత చూపించే సందర్భాలు కూడా తక్కువేమీ కావు. వోల్ట్స్/డివిజన్, టైమ్/డివిజన్ నాబ్‌ల మధ్య ఉండే చిన్న వేరియబుల్ నాబ్ క్యాల్ అన్న చోట క్లిక్కుమని కూర్చోకపోతే గళ్ళ మీది అంకెలకు అర్థం ఉండదు. నాబ్ బయటికి లాగితే పనిచేసే ×5, ×10 పెంపులు ఎవరూ గమనించకుండా అలాగే ఉండిపోతాయి. ప్రోబ్ మీద 1ఎక్స్, 10ఎక్స్ మీట తప్పు వైపు ఉంటే కొలత పది రెట్లు తేడా వస్తుంది. ట్రిమ్మర్ల దాకా పోకముందే వీటిని చూడాలి.

గీత తెర మీద కాస్త వాలినట్టు కనిపిస్తే అది తప్పనిసరిగా లోపం కాదు. భూ అయస్కాంత క్షేత్రం ఎలక్ట్రాన్ పుంజాన్ని వంచుతుంది. స్కోపును బల్ల మీద తూర్పు నుంచి ఉత్తరానికి తిప్పి పెట్టినా వాలు మారవచ్చు. అందుకే ముందు పలకలో ట్రేస్ రొటేషన్ అనే చిన్న ట్రిమ్మర్ ఉంచుతారు. పరికరాన్ని ఎక్కడ, ఏ దిక్కుగా పెట్టి వాడతారో అక్కడే దీన్ని సరిచేయాలి.

ప్రమాణ సంకేతాలు

వోల్టేజి: అనలాగ్ డివైసెస్ సంస్థ ఏడీ584 చిప్ 2.5, 5, 7.5, 10 వోల్టుల నాలుగు స్థిర విలువలు ఇస్తుంది. దాన్ని బిగించిన చిన్న బోర్డులు చౌకగా దొరుకుతాయి. బోర్డు మీద ముద్రించిన విలువను అలాగే నమ్మకుండా మల్టీమీటర్‌తో సరిపోల్చుకోవడం మంచిది. చిన్న వోల్టేజీలకు 0.1 శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లతో విభాజకం కట్టుకోవచ్చు. 9 కిలోఓమ్‌లు, 1 కిలోఓమ్ కలిపితే 10 వోల్టులు 1 వోల్టుగా దిగుతుంది. స్కోపు 1 మెగాఓమ్ ఇన్‌పుట్ వల్ల ఇక్కడ వచ్చే తేడా 0.1 శాతం కన్నా తక్కువ.

డీసీని అలాగే ఇస్తే గీత లేచిన ఎత్తు మాత్రమే తెలుస్తుంది. అదే డీసీని ట్రాన్సిస్టర్ లేదా సీమాస్ స్విచ్‌తో క్రమంగా తెరిచి మూస్తే, ఎత్తు సరిగ్గా ఆ డీసీ విలువకు సమానమైన చతురస్ర తరంగం వస్తుంది. స్కోపుల ముందు పలకలో ఉండే క్యాల్ కొక్కెం వెనక ఉన్న సూత్రమూ ఇదే. 465లో అది 0.3 వోల్టులు ఇస్తుంది. పాత మోడళ్ళలో ఈ కొక్కెం దగ్గర ఎత్తును నమ్మవచ్చు గానీ, 1 కిలోహెర్ట్జ్ అన్న పౌనఃపున్యం చాలాసార్లు ఉజ్జాయింపే. దానితో టైమ్‌బేస్ దిద్దడం పొరపాటు.

ఏసీతో పోల్చేటప్పుడు మీటరు ఏం చదువుతుందో తెలిసి ఉండాలి. సైన్ తరంగానికి శిఖరం నుంచి శిఖరం వరకు ఎత్తు ఆర్ఎంఎస్ విలువకు 2.828 రెట్లు. సగటు ఆధారంగా పనిచేసే చౌక మీటరు చతురస్ర తరంగాన్ని 11 శాతం ఎక్కువగా చూపుతుంది. మామూలు మీటర్లు కొన్ని వందల హెర్ట్జ్ దాటాక ఏసీ కొలతలో తడబడతాయి కూడా.

కాలం: 10 మెగాహెర్ట్జ్ స్ఫటిక ఆసిలేటర్‌కు 74హెచ్‌సీ390 వంటి పదితో భాగించే చిప్‌లు వరుసగా కలిపితే 0.1 మైక్రోసెకండు నుంచి సెకండు దాకా పదేసి రెట్లలో గుర్తులు దొరుకుతాయి. గోడ గడియారాల 32,768 హెర్ట్జ్ స్ఫటికం మరింత చౌక. కానీ దాన్ని సీడీ4060తో భాగిస్తే వచ్చే 2048 హెర్ట్జ్ వంటి విలువలు గళ్ళకు పొసగవు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ, చెన్నై రిచీ స్ట్రీట్ వంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో ఈ విడిభాగాలకు కొదవ లేదు.

నెమ్మది పరిధుల తొలి తనిఖీకి ఇంటి కరెంటే పనికొస్తుంది. భారత గ్రిడ్‌కు నిర్దేశించిన పౌనఃపున్య హద్దు 49.90 నుంచి 50.05 హెర్ట్జ్. ఆ హద్దులో ఉన్నంతసేపు తేడా 0.2 శాతమే. ఒక చక్రానికి 20 మిల్లీసెకండ్లు కాబట్టి, 5 మిల్లీసెకండ్ల గడి మీద నాలుగు గళ్ళకు ఒక చక్రం పడాలి. ఈ సంకేతాన్ని చిన్న 6 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ద్వారానే తీసుకోవాలి. ప్రోబ్‌ను నేరుగా ప్లగ్గులో పెట్టడం ప్రాణాంతకం.

వేగవంతమైన అంచు: ఒక స్కోపు రైజ్ టైమ్ (అంచు పైకి లేవడానికి పట్టే సమయం) నానోసెకండ్లలో సుమారు 350ని దాని మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌తో భాగిస్తే వస్తుంది. 20 మెగాహెర్ట్జ్ స్కోపుకు 17.5 నానోసెకండ్లు, 100 మెగాహెర్ట్జ్ స్కోపుకు 3.5. తెర మీద కనిపించేది సంకేతం, స్కోపు రెండింటి రైజ్ టైమ్‌ల వర్గాల మొత్తానికి వర్గమూలం. 17.5 నానోసెకండ్ల స్కోపుకు 5 నానోసెకండ్ల అంచు ఇస్తే 18.2 కనిపిస్తుంది, అంటే తేడా 4 శాతం. కాబట్టి ప్రమాణ అంచు స్కోపు కన్నా మూడున్నర రెట్లు వేగంగా ఉంటే సరిపోతుంది. 20 మెగాహెర్ట్జ్ తరగతికి 74ఏసీ14 వంటి ష్మిట్ ఇన్వర్టర్ చిప్‌తో కట్టిన చిన్న పల్సర్ చాలు. అంతకు మించిన స్కోపులకు, లీనియర్ టెక్నాలజీ ఇంజనీరు జిమ్ విలియమ్స్ 1991 నాటి 47వ అప్లికేషన్ నోట్‌లో వివరించిన సర్క్యూట్ పేరుపొందింది. అందులో 2ఎన్2369 ట్రాన్సిస్టర్‌ను సుమారు 90 వోల్టుల దగ్గర అవలాంచ్ స్థితిలో నడిపి, 350 పికోసెకండ్ల ప్రాంతంలో అంచు పుట్టిస్తారు.

పని క్రమం

ఇక్కడ వరుస చాలా ముఖ్యం. పునాది సరిచూడకుండా గోడ లేపితే మళ్ళీ కూల్చి కట్టాల్సిందే. స్కోపును కనీసం అరగంట వేడెక్కనిచ్చాక ఈ కింది క్రమంలో పరిశీలిస్తారు.

1. పవర్ సప్లై. లోపలి సర్క్యూట్లన్నీ దీని మీదే ఆధారపడతాయి. 465లో +110, +55, +15, +5, −8 వోల్టుల సప్లైలు ఉంటాయి. సర్వీస్ మాన్యువల్ చెప్పిన పరీక్షా బిందువుల దగ్గర ప్రతి వోల్టేజినీ, దాని మీది రిపుల్‌నూ కొలవాలి. రిపుల్ ఎక్కువగా ఉంటే చేయవలసింది కెపాసిటర్ మార్చడం, ట్రిమ్మర్ తిప్పడం కాదు.

2. తెర. ఫోకస్, ఆస్టిగ్మాటిజం, గీత వాలు, మూలల్లో గీతల వంపు ఇక్కడ చూస్తారు. నాళంలో వేగం పెంచే వోల్టేజి ఎక్కువైతే పుంజం తక్కువ వంగుతుంది. అప్పుడు చిత్రం నిలువునా అడ్డంగా ఒకే నిష్పత్తిలో కుంచించుకుపోతుంది. రెండు ఛానెళ్ళ ఎత్తూ, గుర్తుల దూరమూ అన్నీ ఒకే శాతం తగ్గి కనిపిస్తే, అనుమానించవలసింది ఛానెల్ గెయిన్‌ను కాదు, ఈ హై వోల్టేజిని. ఈ మాట తెలియక నాలుగు ట్రిమ్మర్లు తిప్పినవారు చివరికి ఆ నాలుగింటినీ వెనక్కి తిప్పుకోవాల్సి వస్తుంది.

3. నిలువు సమతూకం. ఇన్‌పుట్‌ను గ్రౌండ్‌లో ఉంచి వోల్ట్స్/డివిజన్ నాబ్ తిప్పినప్పుడు గీత పైకీ కిందికీ గెంతకూడదు. గెంతితే డీసీ బ్యాలెన్స్ ట్రిమ్మర్‌ను కొద్దికొద్దిగా సర్దాలి.

4. నిలువు గెయిన్. గ్రౌండ్ గీతను కింది గడిరేఖ మీద పెట్టి, డీసీ కప్లింగ్‌లో వోల్టేజి ఇచ్చి, గీత సరిగ్గా ఆరు గళ్ళు లేచేదాకా పెంచి మల్టీమీటర్ చదవాలి. 1 వోల్టు గడి మీద మీటరు 6.12 వోల్టులు చూపితే స్కోపు 2 శాతం తక్కువ చదువుతున్నట్టు. ఆరు గళ్ళే ఎందుకంటే, కంటి అంచనాలో పదో వంతు గడి తప్పినా ఆరు గళ్ళలో అది 1.7 శాతమే. రెండే గళ్ళ ఎత్తు తీసుకుంటే అదే తప్పు 5 శాతం అవుతుంది. మాన్యువల్ పేర్కొన్న పరిధిలోనే గెయిన్ సర్ది, మిగిలిన పరిధులన్నింటినీ పరీక్షించి రాసుకోవాలి. ఒక్క పరిధి మాత్రమే తప్పితే లోపం సాధారణంగా అటెన్యుయేటర్ రెసిస్టర్‌లోనో స్విచ్ కాంటాక్టులోనో ఉంటుంది.

5. అటెన్యుయేటర్ కంపెన్సేషన్. ప్రతి పరిధిలో 1 కిలోహెర్ట్జ్ చతురస్ర తరంగం పై అంచు బల్లపరుపుగా రావాలి. ముందు మూల పొడుచుకొచ్చినా, గుండ్రబడినా ఆ పరిధి చిన్న ట్రిమ్మర్ కెపాసిటర్‌ను సర్దాలి. వీటికి లోహపు స్క్రూడ్రైవర్ పనికిరాదు. ముట్టుకున్నప్పుడు ఒక విలువ, తీసేశాక ఇంకో విలువ వస్తుంది. ప్లాస్టిక్ అలైన్‌మెంట్ టూల్ వాడాలి.

6. టైమ్‌బేస్. 1 మిల్లీసెకండు గడి మీద 1 మిల్లీసెకండు గుర్తులు ఇచ్చి, తెర ఎడమ అంచు నుంచి రెండో నిలువు రేఖ మీద ఒక గుర్తును కూర్చోబెడితే, పదో రేఖ మీద మరో గుర్తు కూర్చోవాలి. ఈ మధ్యలోని ఎనిమిది గళ్ళే లెక్క, రెండు చివరలూ వదిలేస్తారు. చివరి గుర్తు 0.16 గడి తప్పితే అది 2 శాతం. మధ్య గుర్తులు రేఖల మీద లేక చివరిది మాత్రమే కలిస్తే లోపం వేగంలో కాదు, సమరేఖీయతలో. ×10 పెంపును చివరగా పరీక్షించాలి.

7. ట్రాన్సియెంట్ స్పందన, బ్యాండ్‌విడ్త్. వేగవంతమైన అంచును ఐదు గళ్ళ ఎత్తుకు సర్ది, తెర మీది 10, 90 శాతం రేఖల మధ్య పట్టిన సమయం చదువుతారు. కేబుల్ చివర 50 ఓమ్‌ల టెర్మినేటర్ తప్పనిసరి. మామూలు కోయాక్సియల్ కేబుల్‌లో సంకేతం మీటరు దూరానికి సుమారు 5 నానోసెకండ్లు తీసుకుంటుంది. టెర్మినేటర్ లేకపోతే ప్రతిఫలించిన సంకేతం పోయి వచ్చి, మీటరు కేబుల్‌లో అయితే 10 నానోసెకండ్ల తర్వాత తెర మీద మెట్టుగా దిగుతుంది. దాన్ని స్కోపు దోషమని భ్రమపడి పల్స్ ట్రిమ్మర్లు ముట్టుకుంటే బాగున్న పరికరం చెడుతుంది.

బ్యాండ్‌విడ్త్‌ను నేరుగా చూడాలంటే, తక్కువ పౌనఃపున్యం దగ్గర ఆరు గళ్ళ ఎత్తున్న సైన్ తరంగాన్ని అదే ఎత్తులో ఉంచి పౌనఃపున్యం పెంచుతూ పోవాలి. ఎత్తు 70.7 శాతానికి, అంటే 4.24 గళ్ళకు దిగిన చోట బ్యాండ్‌విడ్త్ ముగుస్తుంది. చిక్కల్లా జనరేటర్ ఎత్తు స్థిరంగా ఉందని నమ్మడంలోనే ఉంది. ప్రయోగశాలల్లో ఇందుకోసం టెక్ట్రానిక్స్ ఎస్‌జీ503 వంటి ఎత్తు మారని జనరేటర్లు వాడేవారు. ఇంట్లో అలాంటిది లేనప్పుడు రైజ్ టైమ్ పద్ధతే సురక్షితం.

ప్రోబ్

10ఎక్స్ ప్రోబ్‌లో 9 మెగాఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. అది స్కోపు 1 మెగాఓమ్ ఇన్‌పుట్‌తో కలిసి సంకేతాన్ని పదో వంతు చేస్తుంది. ఆ పదో వంతు అన్ని పౌనఃపున్యాల దగ్గరా నిలవాలంటే రెండు వైపులా రెసిస్టెన్స్, కెపాసిటెన్స్ లబ్ధాలు సమానం కావాలి. ప్రోబ్ ట్రిమ్మర్ పని అదే. స్కోపు మారినా, ఒక్కోసారి ఛానెల్ మారినా, దీన్ని మళ్ళీ సర్దాలి. స్కోపు గెయిన్ పరీక్షను ప్రోబ్ లేకుండా నేరుగా కేబుల్‌తో చేయడం మంచిది. లేకపోతే ప్రోబ్ తప్పు స్కోపు ఖాతాలో పడుతుంది.

డిజిటల్ స్కోపులు

వీటిలో కాలం లోపలి స్ఫటికం నుంచే వస్తుంది కాబట్టి టైమ్‌బేస్ సాధారణంగా తప్పదు. ఇక్కడ ఇంటి స్ఫటికమే స్కోపు కన్నా వెనకబడి ఉండవచ్చు. నిలువు కొలతకు హద్దు మాత్రం సుమారు 2 నుంచి 4 శాతమే. 8 బిట్ల మార్పిడి అంటే 256 మెట్లు. గడికి 25 మెట్లు ఉండే మోడల్‌లో ఒక్క మెట్టు పూర్తి స్కేలులో 0.4 శాతం. అందుకే సగటు తీసే మోడ్‌లో కొలవాలి.

మెనూలో ఉండే సెల్ఫ్ క్యాల్‌ను, ప్రోబులు తీసేసి, స్కోపు అరగంట వేడెక్కాక నడపాలి. అది లోపలి ప్రమాణంతో ఆఫ్‌సెట్, గెయిన్ విలువలను సరిచేస్తుంది. లోపలి ప్రమాణమే జరిగిపోయి ఉంటే ఆ సంగతి అది పట్టుకోలేదు. కనుక సెల్ఫ్ క్యాల్ తర్వాత బయటి వోల్టేజితో పరీక్ష తప్పదు.

కొన్ని స్కోపులు సర్దుబాటు విలువలను బ్యాటరీ మీద నిలిచే మెమరీలో దాచుకుంటాయి. 1980ల నాటి టెక్ట్రానిక్స్ 2465 శ్రేణి స్కోపులు అనలాగ్‌వే అయినా ఈ కోవవే. 2465బీ చివరి యూనిట్లలో బ్యాటరీ లోపలే పోతపోసిన డల్లాస్ మెమరీ చిప్ వాడారు. ఆ బ్యాటరీ చచ్చిన రోజు కర్మాగారం నాటి విలువలన్నీ పోతాయి. ఇలాంటి స్కోపు కొన్నవారు మొదట చేయవలసింది ఆ విలువలను చదివి భద్రపరచడం.

భద్రత

కాథోడ్ నాళం ఉన్న స్కోపు మూత తీయడం తేలికగా తీసుకోవలసిన పని కాదు. 465లో వేగం పెంచే వోల్టేజి సుమారు 18,000 వోల్టులు. ప్లగ్గు పీకేశాక కూడా కొంతసేపు చార్జి నిలిచి ఉంటుంది. లోపల పనిచేసేటప్పుడు ఉంగరాలు, గడియారం తీసేసి, ఒక చేయి వెనక్కి పెట్టుకోవడం పాత మెకానిక్‌ల అలవాటు. మెయిన్స్ సర్క్యూట్లు కొలవడానికి స్కోపు ఎర్త్ పిన్ను తీసేయడం అన్నిటికన్నా ప్రమాదకరం. అప్పుడు స్కోపు లోహపు పెట్టె మొత్తానికి కరెంటు రావచ్చు.

నమోదు, పరిమితులు

ప్రతి పరిధికీ సర్దక ముందు వచ్చిన విలువ, సర్దాక వచ్చిన విలువ, వాడిన ప్రమాణం, గది ఉష్ణోగ్రత, తేదీ ఒక పట్టికగా రాసుకుంటారు. మరుసటి ఏడాది అదే పరీక్ష చేసినప్పుడు పరికరం ఎటు జరుగుతోందో ఈ కాగితమే చెబుతుంది. తేడాలు హద్దులోపే ఉంటే ఏ ట్రిమ్మరూ ముట్టుకోకుండా మూత బిగించడం ఉత్తమం.

ఇంటి పరీక్షకు చట్టపరమైన విలువ లేదు. ఐఎస్ఓ/ఐఈసీ 17025 ప్రకారం ఎన్‌ఏబీఎల్ గుర్తింపు పొందిన ప్రయోగశాల ఇచ్చే ధ్రువపత్రంలో, ప్రతి కొలత వెనకా జాతీయ ప్రమాణం దాకా తెగని గొలుసు ఉంటుంది. భారతదేశంలో ఆ జాతీయ ప్రమాణాలను ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల నిర్వహిస్తుంది. హైదరాబాద్‌తో సహా పలు నగరాల్లోని ఎస్‌టీక్యూసీ ప్రయోగశాలలు క్రమాంకన సేవలు అందిస్తాయి. వినియోగదారుడికి పరికరాలు తయారుచేసి ఇచ్చేవారికి ఆ పత్రం అవసరం. రేడియో బాగుచేసుకునే అభిరుచిపరుడికి కావలసింది వేరు: తన స్కోపు 5 వోల్టులు అన్నప్పుడు అది 4.85కూ 5.15కూ మధ్యే ఉందన్న ధీమా, 100 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ ధీమా ఎంత సన్నబడుతుందో తెలిసి ఉండడం. మొదటిది మల్టీమీటర్ ఇస్తుంది. రెండోది, రాసుకున్న పట్టికలో పూరించకుండా వదిలిన గళ్ళు చెబుతాయి.